కువైట్‌లో చల్లనీళ్ళు గీజరు కుళాయిలో ఎందుకొస్తాయి?

జూన్, జులై నెలల్లో కువైట్‌లో పగటిపూట స్నానానికి పోయేవాళ్ళు నీలం గుర్తున్న కుళాయి జోలికి పోరు. మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు ఎండకు కాగి కాగి, చెయ్యి పెడితే చుర్రుమనేలా దిగుతాయి. అందుకని ఎండాకాలం రాగానే గీజరు స్విచ్ కట్టేస్తారు. ఇంటి లోపల ఏసీ చల్లదనంలో ఉన్న గీజరు డబ్బాలో నీళ్ళు కొంతసేపు నిలవుండి చల్లబడతాయి, అవి ఎర్ర గుర్తు కుళాయిలో వస్తాయి. కొత్తగా పోయినవాళ్ళకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. కడపలోనూ మే నెల మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్ళు ముట్టుకోనివ్వవు. ఇక్కడివాళ్ళ ఉపాయం వేరు. తెల్లారకముందే బకెట్లు, డ్రమ్ములు నింపి నీడన పెట్టుకుంటారు. రెండు చోట్లా ఇబ్బంది ఒకటే. ఒకచోట పగలంతా ఆగకుండా నడిచే ఏసీ ఉంది కాబట్టి గీజరు పనికొచ్చింది, ఇంకోచోట అది లేదు కాబట్టి బకెట్టు పనికొచ్చింది.

ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, పుల్లంపేట, రైల్వేకోడూరు వైపు ఊళ్ళలో కువైట్ అంటే పక్క తాలూకా పేరు చెప్పినంత మామూలుగా చెబుతారు. ఆడవాళ్ళు ఇంటిపనికి, మగవాళ్ళు డ్రైవర్లుగా, కూలీలుగా దశాబ్దాలుగా పోతున్నారు. అయినా ఆ దేశం గురించి ఊళ్ళో నడిచే మాటలు ఎక్కువగా జీతం, వీసా, ఎండ, ఈ మూడింటి చుట్టే తిరుగుతాయి. రోజువారీ చిన్న తేడాలు మాటల్లోకి వచ్చినా మనుషుల గుణం కింద జమ అయిపోతాయి. అక్కడివాళ్ళు పద్ధతిగా ఉంటారనో, మనవాళ్ళకు క్రమశిక్షణ లేదనో, లేదంటే అక్కడివాళ్ళకు దుబారా ఎక్కువనో తీర్పు వచ్చేస్తుంది. ఆ తేడాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే చాలావాటి వెనక ఉన్నది గుణం కాదు. నీళ్ళు, చమురు, జరిమానా, జేబులో గుర్తింపు కార్డు. వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

ముందు నీళ్ళ సంగతే చూడాలి. కువైట్‌లో నది లేదు, చెరువు లేదు. చమురుకు ముందు కాలంలో తాగునీళ్ళు ఇరాక్ వైపున్న షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో వచ్చేవి. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటు 1953లో మొదలైంది. ఇప్పుడు తాగే నీళ్ళు దాదాపు అన్నీ అలా తయారైనవే. కరెంటు, నీళ్ళు ఒకే చోట పుడతాయి, రెంటికీ ఇంధనం చమురు, గ్యాసే. కడపకు పెన్న ఉంది, ఊళ్ళోంచే పోయే బుగ్గవంక ఉంది, కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు వాటిలో కనిపించేది ఇసుకే. అంటే నదులున్న ఊరివాళ్ళు ట్యాంకరు కోసం, 20 లీటర్ల క్యాను కోసం ఎదురుచూస్తుంటే, నదే లేని దేశంలో కుళాయి ఆగదు. నీళ్ళు ఎక్కడ ఉన్నాయన్నది ఒక్కటే లెక్క కాదు, వాటిని తయారుచేసే ఇంధనం ఎవరి చేతిలో ఉందన్నది అసలు లెక్క. ఇంకో వింత ఏమిటంటే, అక్కడ 91 రకం పెట్రోలు లీటరు 85 ఫిల్సులు (దీనారులో వెయ్యో వంతు ఒక ఫిల్సు), మన లెక్కలో పాతిక రూపాయల దగ్గర. దుకాణంలో కొనే తాగునీళ్ళ బాటిలు చాలాసార్లు దానికంటే ఎక్కువ పడుతుంది.

ఏసీ విషయంలో ఊళ్ళో వాళ్ళు నమ్మని మాట ఒకటుంది. కువైట్‌లో ఇంటిపని చేసే ఆడమనిషి నడి జులైలో స్వెట్టరు అడుగుతుంది. బయట 48, 50 డిగ్రీలు. కువైట్‌లోని మిత్రిబా కేంద్రంలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైతే ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ఖాయం చేసింది. కానీ ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్ళకు ఆ ఎండ కిటికీ అద్దం అవతలి సంగతి. లోపల ఏసీ రాత్రీ పగలూ ఒకే చలిలో నడుస్తుంది, ఎందుకంటే ఆ దేశ పౌరుల ఇళ్ళకు కరెంటు యూనిట్ రెండు ఫిల్సులే, మన అర్ధరూపాయి. కడపలో ఏసీ ఉన్న ఇల్లు కూడా పడుకునే ముందు గంటో రెండు గంటలో నడిపి ఆపేస్తుంది. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు ఎక్కే శ్లాబులు అందరికీ కంఠతా వచ్చు. అక్కడి ఇంట్లో ఎవరూ లేని గదిలో కూడా ఏసీ నడుస్తుంటే కడప మనిషి చెయ్యి తనంతట తానే స్విచ్ వైపు పోతుంది. అది దుబారా అనిపించడం సహజం. రెండు ఫిల్సుల రేటు పెడితే రాయచోటిలోనూ అంతే జరుగుతుంది.

అదే ఊరి నుంచి పోయి భవన నిర్మాణంలో చేరిన మగవాడి కువైట్ వేరు. అతనికి 50 డిగ్రీలు అంటే 50 డిగ్రీలే. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. కడపలో అలాంటి గడియారం పెట్టుకుని ఎవరూ పని ఆపరు. మంగంపేట ముగ్గురాయి గనుల వైపైనా, పొలంలోనైనా తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించుకోవడం అలవాటు మీద నడిచే వ్యవహారం. ఒకచోట కాగితం మీద ఉన్న రక్షణ, ఒకచోట అనుభవం నేర్పిన రక్షణ. మొదటిదాన్ని మేస్త్రీ పాటించకపోతే ఫిర్యాదు చేయడానికి చోటుంది. రెండోదానికి అది కూడా లేదు.

చలి మాట ఎవరూ చెప్పి పంపరు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కువైట్‌లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. కడప చలికాలానికి దుప్పటి చాలు, అక్కడ చాలదు.

డబ్బు దగ్గర తేడా కంటికి కనిపించేదే అయినా అలవాటు కావడానికి నెలలు పడుతుంది. దీనారుకు వంద పైసలు ఉండవు, వెయ్యి ఫిల్సులు ఉంటాయి. ధర చీటీ మీద చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. 1.250 అని ఉంటే మన కన్ను దాన్ని వెయ్యిన్నీ రెండు వందల యాభై అని చదువుతుంది. అసలు అది దీనారుంపావు. పెద్ద నోటు 20 దీనార్లది, అంటే ఒక్క కాగితం అయిదు వేల రూపాయలు దాటుతుంది. పావు దీనారుకు, అర దీనారుకు కూడా నోట్లే. మొదట్లో ప్రతి వస్తువునూ రూపాయల్లోకి గుణిస్తారు. వంద ఫిల్సుల టీని గుణిస్తే పాతిక రూపాయల పైచిలుకు తేలుతుంది, పది రూపాయల టీ తాగినవాళ్ళకు గొంతు దిగదు. గుణించడం మానేసిన రోజు నుంచి ఖర్చు పెరుగుతుందని పాతవాళ్ళు కొత్తవాళ్ళను హెచ్చరిస్తారు. అందులో నిజం లేకపోలేదు. ఇక్కడ ఒక చరిత్ర ముక్క చెప్పుకోవాలి. 1961లో దీనారు వచ్చేదాకా కువైట్ బజార్లలో నడిచింది రూపాయే. 1959 వరకు మామూలు భారత రూపాయి, తర్వాత రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరుగా అచ్చేసిన రూపాయి. మార్చుకునేటప్పుడు దాదాపు పదమూడు రూపాయల ముప్పై మూడు పైసలకు ఒక దీనారు ఇచ్చారు. కడప సంతలో చెల్లిన నోటే అప్పట్లో అక్కడి చేపల బజారులోనూ చెల్లేదన్న మాట.

డ్రైవర్ల దగ్గరికి వస్తే తేడా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మన దగ్గర ఎడమవైపు నడుస్తాం, స్టీరింగ్ కుడివైపు. అక్కడ కుడివైపు నడుస్తారు, స్టీరింగ్ ఎడమవైపు. గేరు కోసం ఎడమ చెయ్యి చాపితే తలుపు తగులుతుంది. మన కార్లలో చాలావాటికి ఇండికేటరు కుడిచేతి కింద ఉంటుంది, అక్కడి కార్లలో ఎడమచేతి కింద. మలుపు దగ్గర అలవాటు కొద్దీ కుడిచేత్తో నొక్కితే వాన లేని ఎడారిలో వైపర్లు ఊగడం మొదలవుతుంది. పక్క సీట్లో యజమాని ఉంటే ఇక ఆ టెన్షన్ చెప్పే పని లేదు. నడిచేవాళ్ళకూ ఇదే పీకులాట. రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూసే మెడ, అక్కడ ముందు ఎడమవైపు చూడటం నేర్చుకోవాలి. ఈ ఒక్కటి మాత్రం విమానం ఎక్కే ముందే చెప్పి పంపాల్సిన సంగతి.

మన దగ్గర హారను ఒక పలకరింపు. సందులో వస్తున్నానని, బండి పక్కకు తియ్యమని, మిత్రుడు కనిపించాడని, అన్నిటికీ అదే. కువైట్‌లో వెనక నుంచి లైటు కొట్టి దారి అడుగుతారు. అక్కడి డ్రైవింగ్ నెమ్మదైనదేమీ కాదు, వేగం ఎక్కువే. కానీ ఎర్ర లైటు దగ్గర బండి ఆగుతుంది, ఫోను జేబులో ఉంటుంది. దీన్ని చూసే, అక్కడ రూల్సంటే రూల్సే అంటారు మనవాళ్ళు. ఆ మాట వెనక లెక్క ఇదీ: 2025 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టం ప్రకారం బండి నడుపుతూ ఫోను పట్టుకుంటే 75 దీనార్లు, ఎర్ర లైటు దాటితే 150 దీనార్లు. ఇంటిపనివాళ్ళకు 2016లో ఖరారు చేసిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. అంటే చేతిలో ఫోనుతో ఒక్కసారి పట్టుబడితే, ఆ కనీస జీతంలో నెల మొత్తం పోయి ఇంకా బాకీ మిగులుతుంది. పైగా 2023 ఆగస్టు నుంచి విదేశీయులు ట్రాఫిక్ జరిమానాలు కట్టకుండా దేశం దాటలేరు. కెమెరా పట్టుకుంటుంది, కార్డు నంబరు మీద బాకీ ఎక్కుతుంది, ఎయిర్‌పోర్టులో అది తేలుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి తగులుకుని ఉండటమే క్రమశిక్షణ. అదే డ్రైవరు సెలవుకు వచ్చి కడప ఏడు రోడ్ల కూడలిలో హెల్మెట్ లేకుండా మోటారుసైకిలు నడుపుతాడు. మనిషి మారలేదు, జరిమానా వసూలయ్యే దారి మారింది.

చిరునామా సంగతి కొంత సరదాగా ఉంటుంది. కడపలో ఒక ఇల్లు చెప్పాలంటే బస్టాండు దగ్గర మొదలుపెట్టి, ఫలానా మెడికల్ షాపు పక్క సందు, వేపచెట్టు దాటినాక, అరుగున్న ఇల్లు అని ఒక చిన్న కథ చెప్పాలి. కథలో ఎక్కడైనా తప్పితే అడగడానికి మనుషులుంటారు. కువైట్‌లో ప్రాంతం పేరు, బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు, అంతే. అడగడానికి రోడ్డు మీద మనిషి కనిపించడు, ఆ ఎండలో కనిపించే అవకాశమూ లేదు. కారణం ఊరు పుట్టిన తీరులో ఉంది. కడప పాత పట్టణం దాని ఇష్టానికి అది పెరిగింది. కువైట్ నగరాన్ని 1952లో వేసిన ప్లాను ప్రకారం రింగు రోడ్లతో కొత్తగా కట్టారు. పాత మట్టి గోడను 1957లో కూల్చేసి దర్వాజాలను మాత్రం గుర్తుగా ఉంచారు.

తిండి దగ్గర చాలామంది ఊహించేది కుబ్బూస్ రొట్టె. నిజానికి కువైటీ ఇంట్లో మధ్యాహ్నం పెద్ద పళ్ళెంలో వచ్చేది అన్నమే, మచ్‌బూస్. మాంసం ఉడికిన నీళ్ళలోనే బియ్యం ఉడికిస్తారు, ఎండబెట్టిన నిమ్మకాయ వేస్తారు, దాని పులుపు మన చింతపండు పులుపులా నాలుకను పట్టదు. కారం తక్కువ, కావాలంటే పక్కన టమాటా, వెల్లుల్లితో చేసిన దక్కూస్ ఉంటుంది. బియ్యం ఎక్కువగా బాస్మతి, అందులో పెద్ద వాటా మన దేశానిదే. ఇక్కడే మెలిక. కడప మనిషికి రోజూ తినేది సోనా మసూరి, బాస్మతి అంటే పెళ్ళి బిరియానీ. భారతదేశం బియ్యమే తింటున్నా అది రోజూ పండగ అన్నంలా ఉంటుంది, పప్పులో కలవదు, పెరుగులో కలవదు. సంగటి ముద్ద, చెనక్కాయల చట్నీ మీద మనసు పోయేది అందుకే. రాగిపిండి అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతుంది. దొరకనిది సంగటి కెలకడానికి యజమాని వంటింట్లో వీలు.

మర్యాదల్లో తేడా మాత్రం చమురుకూ నీళ్ళకూ సంబంధం లేనిది, దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. కువైటీ ఇంట్లో అతిథికి అరబ్ కాఫీ పోసేటప్పుడు పొడవు ముక్కున్న కూజా ఎడమ చేత్తో పట్టుకోవాలి, పిడి లేని చిన్న కప్పు కుడి చేత్తో ఇవ్వాలి. కప్పు అడుగున కాస్తే పోయాలి. నిండా పోస్తే, తాగి ఇక బయల్దేరమని చెప్పినట్టు. అతిథి కప్పు తిరిగిచ్చిన ప్రతిసారీ మళ్ళీ పోస్తూనే ఉండాలి. చాలనుకుంటే అతను కప్పును వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడిస్తాడు, అప్పుడు ఆపాలి. నోటితో ఎవరూ ఏమీ అనరు. కడప ఇంట్లో సగం గ్లాసు టీ ఇస్తే పిసినారితనం, అంచుదాకా పోస్తే మర్యాద. చాలని చెప్పడానికి విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా, ఆ చేతుల సందులోంచి ఇంకో గరిటె పడుతుంది. మొదటిసారి వద్దన్నది లెక్కలోకి రాదు. ఈ అలవాటుతో పోయిన మనిషి మొదటి రోజు అతిథి కప్పు నింపేసి, ఆయన కప్పు ఆడిస్తున్నా మళ్ళీ పోయబోయి చీవాట్లు తింటుంది. రెండు పద్ధతుల్లోనూ ఉద్దేశం ఒకటే, పెట్టడంలో లోటు రాకూడదని. గుర్తులే తలకిందులు.

అన్నీ తేడాలే అనుకోనక్కర లేదు. కువైట్ వీధుల్లో చాలా ఇళ్ళ గోడ బయట స్టీలు కూలరు ఒకటి ఉంటుంది, దారిన పోయే ఎవరైనా తాగవచ్చు. చనిపోయిన తల్లిదండ్రుల పేరు మీద పుణ్యానికి పెట్టినవి చాలా ఉంటాయి. వేసవిలో కడప కూడళ్ళలో తడిగుడ్డ చుట్టిన కుండలతో వెలిసే చలివేంద్రం చూసినవాళ్ళకు దాన్ని వేరే వివరించాల్సిన పని లేదు. అజాను కూడా కొత్త కాదు. ఉగాది రోజు ముస్లింలు దేవుని కడప వెంకన్న గుడికి వచ్చే ఊరది, పెద్ద దర్గాకు అన్ని మతాలవాళ్ళూ పోయే ఊరది. సౌదీలో చాలాకాలం నడిచినట్టు నమాజు వేళకు దుకాణాలు మూసే పద్ధతి కువైట్‌లో లేదు. కానీ రంజాన్ పగటిపూట నలుగురిలో తినడం, తాగడం మతంతో పని లేకుండా అందరికీ నేరమే, జరిమానా గానీ జైలు గానీ పడవచ్చు. కడపలో రంజాన్ అంటే సాయంత్రం హలీం వాసన. అక్కడ ఆఫీసుల్లో పనిగంటలు తగ్గే ఆ నెలలోనే వంటింట్లో పని పెరుగుతుంది. ఇఫ్తారు, రాత్రి పొద్దుపోయాక బంధువులకు గబ్గా విందు, తెల్లవారుజామున సహరీ. మూడు వంటల మధ్య నిద్ర ఎప్పుడన్నది ఇంటిని బట్టి ఉంటుంది.

ఇంటిని బట్టి అన్న ఈ మాట చిన్నదేమీ కాదు. ఒకే ఊరి నుంచి పోయిన ఇద్దరు రెండు వేరు కువైట్‌లలో బతకడానికి కారణం వీసా మీద ఉండే అంకె. కంపెనీ పనికి ఆర్టికల్ 18, ఇంటిపనికి ఆర్టికల్ 20. ఇంట్లో కారు నడిపే డ్రైవరు కూడా రెండోదాని కిందికే వస్తాడు. కంపెనీ మనిషికి గదిలో తోటివాళ్ళుంటారు, వంట తనది. శుక్రవారం మాలియా, ఫర్వానియా లాంటి పేటలకు పోతే తెలుగు మాట వినబడుతుంది. ఇంటిపని మనిషికి యజమాని ఇల్లే పని చోటు, ఉండే చోటు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఆమెకు రోజుకు 12 గంటలు మించని పని, వారానికో సెలవు, ఏటా జీతంతో కూడిన సెలవు రాసింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదనీ రాసింది. ఆ సెలవు రోజు బయటి గేటు తెరుచుకుంటుందా లేదా అన్నది మాత్రం ఇంటి లోపల తేలే విషయం. ఏజెంటు చూపించిన కాగితంలో జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్ళు ఈ ఆర్టికల్ అంకెను కూడా చూసుకోవాలి.

ఇక గడియారం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. వినడానికి ఇది తేడానే కాదు, అమెరికాతో పోలిస్తే ఏపాటి? కానీ ఈ రెండున్నర గంటలు సరిగ్గా తగలకూడని చోట తగులుతాయి. రాత్రి భోజనాలయ్యి, గిన్నెలు కడిగి ఇంటిపనికి పోయిన తల్లి చేతికి ఫోను వచ్చేసరికి అక్కడ పది. కడపలో పన్నెండున్నర, అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్లలు ఎప్పుడో నిద్రపోయి ఉంటారు. వారాంతం కలిసొస్తుందా అంటే అదీ లేదు. కువైట్‌లో 2007 నుంచి సెలవులు శుక్ర, శనివారాలు, చాలామంది పనివాళ్ళకు శుక్రవారం ఒక్కటే. ఆ రోజు ఇక్కడ బడి ఉంటుంది. ఇక్కడ పిల్లలు ఇంట్లో ఉండి మటన్ కూర ఉడికే ఆదివారం అక్కడ వారానికి మొదటి పనిదినం, ఆ ఇంటి పిల్లలను బడికి తయారుచేసే రోజు. అందుకని చాలా ఇళ్ళలో ఒక పద్ధతి కుదిరింది. అక్కడ తెల్లారి అయిదు గంటలకు, యజమాని ఇల్లు లేవకముందు, ఇమో యాప్‌లో వీడియో కాల్ చేస్తారు. ఇక్కడ ఏడున్నర, ఆటో వచ్చేలోపు జడ వేయించుకుంటూ పిల్ల మాట్లాడుతుంది. ఆ వేళ తప్పితే వాయిస్ మెసేజ్‌లే.